చెస్‌లో కారో-కాన్ ఓపెనింగ్‌లో (తెల్లోడి ఇ4 కి నల్లోడు సి6 వేసే ఆట) నాలుగో ఎత్తు హెచ్4 వస్తే ఏం ఆడాలండి?

భీమవరం_బోర్డు:
మా మేనల్లుడు నల్ల పావులొస్తే కారో-కానే ఆడతాడండి. మొన్న రాజమండ్రిలో టోర్నమెంట్‌కి తీసుకెళ్ళాను, ఇ4 సి6, డి4 డి5, ఇ5, బిషప్ ఎఫ్5 దాకా బానే నడిచింది, అవతల పిల్లోడు హెచ్4 తోశాడు, వీడు ఇ6 వేశాడు, ఇంకో మూడెత్తుల్లో బిషప్ ఇరుక్కుపోయింది. ఇప్పుడు ఆ ఓపెనింగే వద్దు, సిసిలియన్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మార్పించేయమంటారా?

కాకినాడ_ఏనుగు:
వద్దండి బాబూ, అది ఓపెనింగ్ తప్పు కాదు, ఆ ఒక్క ఇ6 ఎత్తు తప్పు. జి4 తోస్తే బిషప్ ఇ4 కెళ్ళి ఏనుగు మీద పడుతుంది కదా, అక్కడే పిల్లలు ధీమాగా ఉంటారు, ఎఫ్3 తో దారీ మూసుకుపోతుంది బిషప్‌కీ దెబ్బే, జి6 కి వస్తే హెచ్5, ఇంక సి2 బంటు కొట్టి చావడం తప్ప దారి లేదు. అందుకే హెచ్4 చూడగానే హెచ్5 వెయ్యమనండి. జి4 కి అడ్డుకట్ట పడుతుంది. జి5 గడి తెల్లోడికి దొరుకుతుంది, అది నిజమే, అక్కడ బిషప్ పెడితే మన క్వీన్ బి6 కెళ్ళి కాపలా లేని బి2 బంటుని అడగాలి.

తణుకు_బంటు:
హెచ్6 కూడా ఆడొచ్చండి, 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ రీమ్యాచ్‌లో చాంపియన్ టాల్ ఇదే హెచ్4 వేస్తే, మాజీ చాంపియన్ బోట్విన్నిక్ హెచ్6 అని, జి4 కి బిషప్‌ని డి7 కి తీసుకెళ్ళిపోయాడు. హెచ్7 కి మాత్రం పోనివ్వకండి, తెల్లోళ్ళు బంటుని ఇ6 కి తోసి త్యాగం చేసి ఊపిరాడనివ్వరు. ఆ మ్యాచ్‌లోనే బోట్విన్నిక్ బిషప్ జోలికి పోకుండా మూడో ఎత్తులో సి5 కూడా వేశాడు, టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు, 13-8. నాకైతే సి5 యే ఇష్టం, హెచ్4 గొడవే రాదు.

భీమవరం_బోర్డు:
చాలా థాంక్సండి. సి5 వేస్తే తెల్లోడు ఆ బంటు కొట్టేస్తాడు కదా, తిరిగి ఎలా తెచ్చుకుంటాం?

తణుకు_బంటు:
కొట్టనివ్వండి. ఇ6 వేసి బిషప్‌కి దారి తెరవండి, ఎక్కువసార్లు బిషప్పే సి5 కొట్టి బంటు తెచ్చేస్తుంది. తెల్లోడు బి4 తోనో, బిషప్ ఇ3 తోనో పట్టుకుని కూర్చుంటే తొందరపడకుండా ఆ బంటుల్నే ఎ5 తో కదపాలి. ముందు హెచ్5 లైన్ నేర్పండి, ఈ సి5 ఆటలు తర్వాత కలిసి చూద్దాం.