జెమైమా బూన్ తండ్రి ఎవరు? వంశవృక్షంలో ఏ పేరు రాయాలి?

మిస్సోరీ అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో, మిస్సోరీలో ఉంటుంది. అల్లుడు అక్కడివాడే. వాళ్ల అమ్మగారి వైపు వంశం జెమైమా బూన్ దాకా వెళ్తుంది. మనవరాలు స్కూలు కోసం వంశవృక్షం గీస్తుంటే నేనూ, మా వియ్యపురాలూ పక్కన కూర్చున్నాం. జెమైమా పైన తండ్రి గడి దగ్గర పేచీ వచ్చింది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. డేనియల్ బూన్ 1734లో పుట్టిన వేటగాడు. కెంటకీకి తెల్లవాళ్ల వలసలకు దారి వేసినవాళ్లలో పెద్ద పేరు. 1756లో రెబెకా బ్రయన్‌ను పెళ్లి చేసుకున్నాడు. పదిమంది పిల్లల్లో నాలుగోది జెమైమా, పుట్టింది 1762 అక్టోబరు 4న. ఒక కథనం ఏమిటంటే, ఇల్లు వదిలిన డేనియల్ ఎంతకీ తిరిగి రాలేదు, పోయాడనుకున్నారు. వచ్చేసరికి రెబెకా ఒడిలో పసిపాప ఉంది. తండ్రి డేనియల్ తమ్ముడు ఎడ్వర్డ్. 'మన ఇంటి బిడ్డే కదా' అని డేనియల్ పెంచుకున్నాడట.

"తరతరాలుగా మా ఇంట్లో చెప్పుకున్న మాట, దాచడం ఎందుకు? ఎడ్వర్డ్ అని రాయండి" అంటుంది వియ్యపురాలు. నాకు చెయ్యి రావడం లేదు. మీరేమంటారు?

పాత కాగితాలు:
రాయకండమ్మా. ఆ మాట రాతలోకి ఎప్పుడు ఎక్కిందో చూడండి. లైమన్ డ్రేపర్ అనే ఆయన 19వ శతాబ్దం మధ్యలో ఊరూరా తిరిగి, ఉత్తరాలు రాసి, ముసలివాళ్ల జ్ఞాపకాలు సేకరించాడు. ఆ కాగితాలు ఇప్పుడు విస్కాన్సిన్ చారిత్రక సంఘంలో ఉన్నాయి. బూన్ ఇంటి గుట్టుల్లో చాలావరకు మనదాకా వచ్చింది ఆ దారినే. కానీ ఎడ్వర్డ్ 1780లోనే కెంటకీలో దాడిలో చనిపోయాడు. రెబెకా 1813లో, డేనియల్ 1820లో, జెమైమా 1834లో పోయారు. నిజం తెలిసినవాళ్లను అడిగే అవకాశం డ్రేపర్‌కు రాలేదు. ఆయనకు దొరికింది విన్నవాళ్లు, విన్నవాళ్ల దగ్గర విన్నవాళ్లు.

ఆ కాలపు ఆడపిల్ల తండ్రిని కాగితాల్లో వెతకడం ఎంత కష్టమో కూడా తెలుసుకోవాలి. 1790లో మొదలైన అమెరికా జనాభా లెక్కల్లో 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది. భార్యా, కూతుళ్లూ గడుల్లో ఉత్త అంకెలు. బానిసలు కాని అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసింది 1880లో. ఈ కుటుంబం ఉండిన నార్త్ కరోలినాలో రాష్ట్రమంతటా జనన నమోదు వచ్చింది 1913లో. ఇక మిగిలేవి వీలునామాలు, భూమి దస్తావేజులు, ఇంటి బైబిల్లో రాసుకున్న పుట్టిన రోజులు. మగపిల్లాడి పేరు పొలం కాగితాల వెంట నడుస్తుంది. ఆడపిల్లకు పెళ్లయ్యాక ఇంటిపేరు కూడా మారిపోతుంది.

నెలల లెక్క:
కాగితం లేనంత మాత్రాన మాట అబద్ధం కాదు. అక్టోబరు 4 నుంచి తొమ్మిది నెలలు వెనక్కి వెళ్తే 1762 జనవరి మొదట్లోకి వస్తాం. చెరోకీ అనే అక్కడి ఆదివాసీ తెగతో యుద్ధం అప్పుడే చల్లారుతోంది. ఆ యుద్ధానికి భయపడే ఈ కుటుంబం నార్త్ కరోలినాలోని యాడ్కిన్ లోయ వదిలి వర్జీనియాలో కల్పెపర్ వైపు వెళ్లింది. ఆ వారాల్లో డేనియల్ ఇంట్లోనే ఉన్నాడని చూపించే కాగితం ఒక్కటి పెట్టండి, నేను వాదన మానేస్తాను. పైగా ఈ కథ చెప్పినవాళ్లు ఆయన్ను తిట్టడానికి చెప్పలేదు. అందులో ఆయన పెద్ద మనసున్న మనిషి.

పాత కాగితాలు:
నాకు అనుమానం వచ్చేదే అక్కడ. పేరుమోసిన మనిషి చుట్టూ అల్లుకునే కథలు ఇలాగే ఉంటాయి. ఇంట్లో ఉన్నాడని మనం చూపించాలంటారేమిటి? ఇంగ్లీషు న్యాయం నుంచి మనకొచ్చిన, 2024 దాకా అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 112వ సెక్షన్ గుర్తు చేసుకోండి. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. కాదనేవాళ్లే ఆ సమయంలో భార్యాభర్తలు కలిసే వీలు లేదని చూపించాలి. రుజువు బరువు మీదే.

జీన్స్ ల్యాబ్:
డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోతుందని ఎవరైనా అనేలోపే చెప్తున్నాను, తేలదు. ఎడ్వర్డ్ భార్య మార్తా, రెబెకాకు సొంత తోబుట్టువు. అన్నదమ్ములకు అక్కాచెల్లెళ్లను ఇచ్చి చేయడం మనకూ తెలిసిందేగా, తోడికోడళ్లే అక్కాచెల్లెళ్లు.

లెక్క చూడండి. జెమైమా డేనియల్ కూతురైతే ఆయన మిగతా పిల్లలతో సగటున 50 శాతం, ఎడ్వర్డ్ పిల్లలతో 25 శాతం డీఎన్‌ఏ కలవాలి. ఎడ్వర్డ్ కూతురైతే ఇద్దరి పిల్లలతోనూ 37.5 శాతమే. వాళ్లు బతికుండగా అయితే ఈ తేడా పట్టుకోవచ్చు. ఏడు తరాలు దిగాక ఒక్కో మనిషిలో జెమైమా వాటా సగటున 1 శాతం కూడా ఉండదు. ఆడపిల్ల కాబట్టి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ లేదు. ఉన్నా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లినే చూపిస్తుంది, తల్లి గురించి ఎవరికీ అనుమానం లేదు.

మిస్సోరీ అమ్మమ్మ:
నేను మాత్రం ఇంకోటి పట్టుకుని కూర్చున్నాను. 1776 జూలై 14న జెమైమా ఇద్దరు స్నేహితురాళ్లతో కెంటకీ నదిలో చిన్న పడవ ఎక్కింది. కాలికి గాయమైతే చల్లగా ఉంటుందని నీళ్లలో పెట్టుకుని కూర్చుందట. అప్పుడే షానీ, చెరోకీ తెగల యోధులు పడవ లాగేసి ముగ్గురినీ ఎత్తుకెళ్లారు. పిల్లలు దారి పొడవునా కొమ్మలు విరుస్తూ, మడమలు నేలలో గుచ్చుతూ గుర్తులు వదిలారు. మూడో రోజు, వెతుక్కుంటూ వచ్చిన డేనియల్ వాళ్ల తుపాకీ పేలగానే "నాన్నే!" అని అరిచిందట జెమైమా. 1778లో డేనియల్ షానీల చేతికి చిక్కినప్పుడు రెబెకా పిల్లల్ని తీసుకుని కరోలినా వెళ్లిపోయింది. జెమైమా కెంటకీ కోటలోనే ఉండిపోయింది. ఆయన తప్పించుకుని వచ్చేసరికి ఎదురొచ్చింది ఈ కూతురే.

నెలల లెక్క:
చదువుతుంటే గొంతు పట్టేసిందమ్మా. కానీ అది పెంపకానికి సాక్ష్యం, పుట్టుకకు కాదు. మీ వియ్యపురాలి ఇంటి మాటను 'పుకారు' అని మాత్రం రాయకండి.

మిస్సోరీ అమ్మమ్మ:
రాయలేదు బాబూ. మీ మాటలన్నీ అమ్మాయి ఆవిడకు ఇంగ్లీషులో చెప్పింది. డేనియల్ దగ్గర నిండు గీత గీశాం. ఎడ్వర్డ్‌కు చుక్కల గీత గీసి, 'కుటుంబ కథనం, రాతలోకి ఎక్కింది 19వ శతాబ్దంలో' అని పక్కన రాశాం. ఆవిడ ఒప్పుకుంది, కానీ మార్తా గడి కూడా ఉండి తీరాలంది. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన రావాలి కాబట్టి మనవరాలు ఇంకో అట్ట తెచ్చుకుని మొదటి నుంచి గీస్తోంది.