‘విశ్రమించెను’ అన్న మాట వెనుక ఉన్న హీబ్రూ క్రియలు

ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు ఏడవ దినమున ‘విశ్రమించెను’ అని చదివినప్పుడు, అలసట ఎరుగని వానికి విశ్రాంతి ఎందుకన్న సందేహం తెలుగు పాఠకులకు కలగడం సహజమే. శ్రమ, శ్రాంతి, విశ్రాంతి అన్నీ ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టాయి కనుక, విశ్రాంతి అన్న మాట వినగానే దానికి ముందు అలసట ఉండి తీరాలని మనకు తోస్తుంది.

మూలంలో అక్కడ ఉన్న క్రియ ‘షావత్’. మానడం, ఆగడం అన్నదే దాని అర్థం. జలప్రళయం తరువాత వెదకాలమూ కోతకాలమూ ‘ఉండక మానవు’ అని ఆదికాండము 8:22 చెప్పే చోట ఉన్నదీ, ఇశ్రాయేలీయులు కనాను దేశపు పంట తినడం మొదలయ్యాక, అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నా ఆగిపోయిందని యెహోషువ 5:12 చెప్పే చోట ఉన్నదీ ఈ క్రియే. ఈ రెండు చోట్లా అలసట ప్రసక్తి లేదు. ఏడవ దినపు విశ్రాంతి ఆచారమైన ‘సబ్బాతు’ను ఈ ధాతువుతో కలిపి చూస్తే, అది ముందుగా పని మానే దినం, సేద తీరడం ఆ తరువాతి సంగతి.

నిర్గమకాండము 20:11లో ఇదే దినానికి కారణం చెప్పేటప్పుడు మరో క్రియ ‘నూఅహ్’ కనబడుతుంది. నోవహు ఓడ అరారాతు కొండల మీద నిలిచిన చోట ఉన్నదీ అదే కాబట్టి, దానిలో కుదురుకోవడమన్న అర్థం ఉన్నది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం నిర్గమకాండము 31:17. తెలుగు బైబిలులో ‘పని మాని విశ్రమించెను’ అని ఉన్న ఆ చోట, మొదటి క్రియ షావత్ కాగా, రెండవది ప్రాణం, గొంతు, ఊపిరి అనే అర్థాలున్న ‘నెఫెష్’ నుంచి వచ్చినది. అంటే, మన వాడుకలో చెప్పాలంటే, ‘ఊపిరి పీల్చుకొనెను’ అని. ఆ క్రియ హీబ్రూ లేఖనాలలో మూడు చోట్లే వస్తుంది. సమూయేలు రెండవ గ్రంథము 16:14లో, తిరుగుబాటు చేసిన కుమారుడు అబ్షాలోముకు భయపడి పారిపోతున్న దావీదు రాజు, దారిలో తనను దూషించిన షిమీ అనేవాని శాపనార్థాలూ రాళ్లూ దాటుకొని వచ్చి, బడలికతో ఒక చోట ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. మిగిలినది నిర్గమకాండము 23:12. అక్కడ ఎద్దుకూ గాడిదకూ నూఅహ్ వాడి, దాసి కుమారునికీ పరదేశికీ ఈ ఊపిరి క్రియను వాడారు. ఊపిరి సలపని పని అంటే ఏమిటో తెలిసిన మన భాషకు ఈ మాట ఎంత దగ్గరిదో చూడండి. దీనిని కూడా ‘విశ్రమించు’లో కలిపివేయడం నష్టమేనని నా అభిప్రాయం.

షావత్‌కు ప్రేరణార్థక రూపం కూడా ఉన్నది, మన ‘మాన్పించు’ వలె. నిర్గమకాండము 5:5లో, ఇశ్రాయేలీయులను దాసులుగా ఉంచుకొన్న ఐగుప్తు రాజు ఫరో, మీరు ఈ జనుల చేత పని మాన్పిస్తున్నారని మోషే అహరోనులపై నేరం మోపినప్పుడు వాడినది ఆ రూపమే. ద్వితీయోపదేశకాండము 5:15 ఈ దినాన్ని ఆచరించడానికి సృష్టిని గాక ఐగుప్తు దాస్యాన్ని కారణంగా చెప్పడం, ఫరో నోట వచ్చిన ఆ మాటతో కలిపి చదివినప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.