మెఫాలో ఎన్‌పీవీ లెక్క: కాగితం మీదా, ఎక్సెల్‌లోనా?

ఈసీఈ_మూడో_ఏడాది

జేఎన్‌టీయూ కాకినాడ, అనంతపురం పరిధిలో బీటెక్ చదివిన వాళ్లకు మెఫా గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం: మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్. డిమాండ్, బ్రేక్ ఈవెన్ అన్నీ అయ్యాక చివర్లో క్యాపిటల్ బడ్జెటింగ్ వస్తుంది. ఒక మెషీన్ కొనాలా వద్దా అని పేబ్యాక్ (పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగొస్తుంది), ఎన్‌పీవీ (రాబోయే డబ్బుకు ఈరోజు ఉన్న విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది), ఐఆర్‌ఆర్ (ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటు) పద్ధతుల్లో తేల్చాలి.

ఈ లెక్కలు ఇంకా కాగితం మీద ఎందుకు వేయించాలి? ఐఆర్‌ఆర్ కోసం 12 శాతం దగ్గర ఒకసారి, 13 శాతం దగ్గర ఒకసారి వేసి, మధ్యలో ఇంటర్‌పొలేషన్ చేయాలి, అంటే ఆ రెంటి మధ్య రేటును అంచనా కట్టాలి. పరీక్షలో సగం టైమ్ గుణకారాలకే పోతుంది. ఎక్సెల్‌లో అది ఒక్క ఫార్ములా. ఉద్యోగంలో చేరాక డిస్కౌంట్ టేబుల్ (వచ్చే ఏళ్ల రూపాయి ఈరోజు ఎంతో చూపే పట్టిక) ఎవరూ చూడరు. మెఫా పరీక్ష కూడా కంప్యూటర్ ల్యాబ్‌లోనే పెట్టాలని నా వాదన. మీరేమంటారు?

బీకామ్_తెలుగు_మీడియం

మా డిగ్రీ కాలేజీలో ల్యాబ్ ఉంది, అందులో పనిచేసే కంప్యూటర్లు క్లాసులో సగం మందికి కూడా చాలవు. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్ ఎక్సెల్‌లో పెడితే ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకే మార్కులు. కాలిక్యులేటర్, టేబుల్ అయితే అందరి దగ్గరా ఒకటే. ఈ సంగతి తేలకుండా పరీక్ష మార్చమనడం అన్యాయం.

మెఫా_లెక్చరర్

ల్యాబుల మాట నిజమే. కానీ ల్యాబులు ఉన్నా నేను ఎన్‌పీవీని మొదట కాగితం మీదే చేయిస్తాను. కారణం ఒక లెక్కతో చూపిస్తాను.

మెషీన్ ఖరీదు 10,00,000. అయిదేళ్లు పనిచేస్తుంది, చివర్లో ఏమీ మిగలదు. ఏడాదికి 2,80,000 నగదు వస్తుంది. డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును ఈరోజు విలువకు తగ్గించే రేటు, 10 శాతం. కాలిక్యులేటర్‌లో 1 ని 1.1 తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1.1 తో భాగిస్తూ పోతే 0.909, 0.826, 0.751, 0.683, 0.621 వస్తాయి. దశాంశాలు కుదించకుండా కూడితే మొత్తం దాదాపు 3.791. దాన్ని 2,80,000 తో గుణిస్తే 10,61,480. పెట్టుబడి తీసేస్తే 61,480 మిగిలింది, కాబట్టి కొనొచ్చు.

ఇదే లెక్క ల్యాబ్‌లో ఇస్తాను. చాలామంది మైనస్ 10,00,000 ఒక గడిలో, దాని కింద అయిదేళ్ల రాబడి టైప్ చేసి, ఆరు గడులనూ కలిపి ఎన్‌పీవీ ఫార్ములాలో పెడతారు. 55,837 వస్తుంది. తప్పు. ఆ ఫార్ములా మొదటి గడిలో ఉన్న డబ్బు ఏడాది చివర్లో కదిలిందనుకుంటుంది, అందుకే ఈరోజు పెట్టిన పెట్టుబడిని కూడా ఒక ఏడాది డిస్కౌంట్ చేసేస్తుంది. రాబడిని మాత్రమే ఫార్ములాలో పెట్టి, పెట్టుబడిని విడిగా తీసేయాలి. అప్పుడు 61,420 వస్తుంది. కాగితం జవాబుతో ఉన్న 60 రూపాయల తేడా దశాంశాలు కుదించడం వల్ల వచ్చినదే.

కాగితం మీద కాలరేఖ గీసి, సున్నా దగ్గర పెట్టుబడి, ఒకటి నుంచి అయిదు దాకా రాబడి రాసిన పిల్లలకు 55,837 చూడగానే అనుమానం వస్తుంది. గీయనివాళ్లు దాన్నే రెండు గీతలు కొట్టి సబ్మిట్ చేస్తారు.

ఈసీఈ_మూడో_ఏడాది

సార్, మీరు చెప్పింది ఫార్ములా సరిగ్గా నేర్పకపోవడం వల్ల వచ్చిన తప్పు. ఆ ఒక్క మాట క్లాసులో చెబితే సరిపోతుంది కదా. దానికోసం పరీక్ష మొత్తం గుణకారాలతో నింపడం ఎందుకు?

మిల్లు_అబ్బాయి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది రైస్ మిల్లు. నాన్నగారు లోన్ కోసం బ్యాంకుకి వెళ్లినప్పుడు ఎన్‌పీవీ గురించి ఎవరూ అడగలేదు. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి కావాల్సిన డబ్బు) లిమిట్ ఎంత కావాలి అన్నదొక్కటే ప్రశ్న. అది మెఫాలో రెండు మార్కుల డెఫినిషన్‌గా చదివాను. మీరిద్దరూ వాదించుకుంటున్న లెక్క అసలు బయట వాడతారా?

క్రెడిట్_ఆఫీసర్

వాడతారు తమ్ముడూ, కొత్త మెషీన్‌కో కొత్త షెడ్డుకో టర్మ్ లోన్ అడిగినప్పుడు. మీ నాన్నగారు అడిగింది లిమిట్ కాబట్టి అక్కడ లెక్క వేరు. 1992లో నివేదిక ఇచ్చిన నాయక్ కమిటీ పద్ధతి ప్రకారం చిన్న యూనిట్లకు ఏడాది అమ్మకాల అంచనాలో 25 శాతాన్ని వర్కింగ్ క్యాపిటల్ అవసరంగా తీసుకుంటారు. అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, మిగతా 5 శాతం సొంతంగా తెచ్చుకోవాలి. 2 కోట్ల అమ్మకాలుంటే అవసరం 50 లక్షలు, బ్యాంకు వాటా 40 లక్షలు. నోటితో చెప్పే లెక్క ఇది, ఎక్సెల్ అక్కర్లేదు.

కానీ దీని వెనక ఒక ఊహ ఉంది. పెట్టిన డబ్బు మూడు నెలల్లో తిరిగి చేతికొస్తుందని. నవంబరు, డిసెంబరుల్లో ఖరీఫ్ ధాన్యం మొత్తం ఒకేసారి కొని, నెలల తరబడి ఆడించుకునే మిల్లుకు అది సరిపోదు. అప్పుడు ధాన్యం ఎన్ని రోజులు ఉంటోంది, బాకీలు ఎన్ని రోజులకు వసూలవుతున్నాయి అని విడివిడిగా లెక్క కట్టి అడగాలి. పుస్తకంలో ఆపరేటింగ్ సైకిల్ అన్నది ఇదే. దీన్ని రెండు మార్కులకు కుదించినందుకు నాకు నిజంగా బాధగా ఉంది.

ఇక మీ ఇద్దరి గొడవ. నా టేబుల్ మీదికొచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులన్నీ ఎక్సెల్‌లోనే ఉంటాయి, కూడికల్లో తప్పు దాదాపు ఉండదు. తప్పంతా పైనుండే అంచనా అంకెల్లో ఉంటుంది. కెపాసిటీ యుటిలైజేషన్ (సామర్థ్యంలో ఎంత వాడుకుంటారన్నది) మొదటి ఏడాది 60 శాతం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80 అని రాసుకొస్తారు. ఎందుకు 60 అంటే జవాబుండదు. లెక్చరర్ గారి ఉదాహరణే తీసుకోండి. రాబడి ఏడాదికి 2,80,000 బదులు 2,63,000 అయితే చాలు, ఎన్‌పీవీ మైనస్‌లోకి వెళ్తుంది. అంటే రాబడి అంచనాలో ఆరు శాతం తేడా మొత్తం నిర్ణయాన్ని తిరగేస్తుంది. రేటు 12 శాతం పెడితే మిగిలేది 9,400. 13 పెడితే 15,240 లోటు. పరీక్షలో 10 శాతం ఇచ్చేస్తారు, అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

గుణకారం ఎవరు చేశారన్నది నాకు అనవసరం. 2,80,000 ఎలా వచ్చింది, 10 శాతం ఎందుకు అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే పిల్లలు కావాలి. కాగితం పరీక్షా అవి అడగట్లేదు, మీరు కోరే ల్యాబ్ పరీక్షా అడగదు.

మెఫా_లెక్చరర్

2,80,000 ఎలా వచ్చిందన్న మాట దగ్గరే నా క్లాసులో ఎక్కువమంది పడిపోతారు. పన్ను, తరుగుదల పోగా లాభం 80,000 అని ప్రశ్నలో ఇస్తే దాన్నే నగదు అనుకుంటారు. తరుగుదల 2,00,000 పుస్తకాల్లో రాసేదే కానీ జేబులోంచి పోయే డబ్బు కాదు కదా, దాన్ని తిరిగి కలపాలి. కలపకపోతే ఎన్‌పీవీ దాదాపు 7 లక్షల లోటు చూపిస్తుంది, మంచి మెషీన్‌ని వద్దనేస్తారు. ఈ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

ఈసీఈ_మూడో_ఏడాది

క్రెడిట్ ఆఫీసర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ రాబడి ఆరు శాతం తగ్గితే, రేటు 12 అయితే, 13 అయితే అని చూడాలంటే కాగితం మీద ప్రతిసారీ మొదటి నుంచి వేయాలి. పరీక్షలో అంత టైమ్ ఎక్కడుంది? టైమ్ లేదు కాబట్టే ఆ ప్రశ్నలు అడగట్లేదు. ఎక్సెల్ ఇస్తేనే అవి అడగడం కుదురుతుంది.

బీకామ్_తెలుగు_మీడియం

కుదరకపోవడం ఏముంది? లెక్క పూర్తిగా వేసిన టేబుల్‌ని ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి ఇవ్వండి. 10, 12, 13 శాతాలకు మూడు వరుసలు చాలు. మా కాలేజీలో కూడా రాయగలం.

మెఫా_లెక్చరర్

ఇది నాకు నచ్చింది. యూనివర్సిటీ పేపర్ నా చేతిలో లేదు, ఇంటర్నల్స్ ఉన్నాయి. ఈసారి మిడ్‌లో ఈ ప్రశ్న ఇస్తున్నాను, అభ్యంతరాలుంటే ముందే చెప్పండి:

పై మెషీన్‌కు 10, 12, 13 శాతాల దగ్గర ఎన్‌పీవీ వరుసగా 61,480, 9,400, మైనస్ 15,240. (అ) లాభం 80,000 ఉండగా నగదు రాబడిని 2,80,000గా ఎందుకు తీసుకున్నారు? (ఆ) యజమాని బ్యాంకు నుంచి 11 శాతానికి అప్పు తెస్తున్నాడు, సగం డబ్బు తనది. ఏ వరుస చూసి నిర్ణయిస్తారు, ఎందుకు? (ఇ) రాబడి అంచనాలో మీకు అన్నిటికన్నా అనుమానంగా ఉన్న అంకె ఏది? దాన్ని సరిచూడడానికి యజమానిని ఏమడుగుతారు?