చలికాలం ట్రయల్ కెమెరా: లిథియం సెల్సా, రీచార్జబుల్ సెల్సా?

మంచుబాట (డులూత్, మినెసోటా)
అందరికీ నమస్కారం. స్నేహితుడి క్యాబిన్ వెనక అడవిలో నవంబర్‌లో ట్రయల్ కెమెరా (జంతువు ఎదురుగా వస్తే తనంతట తనే ఫోటో తీసేది) చెట్టుకు కట్టాను. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఎనిమిది వేశాను. డిసెంబర్ చివర్లో చలి మైనస్ 28 సెల్సియస్‌కు దిగింది, మూడో రాత్రికే కెమెరా ఆగిపోయింది. మొన్న వెళ్ళి చూస్తే అదే చెట్టు పక్కనుంచి తోడేళ్ళ అడుగులు, ఒకదాని అడుగులో ఇంకోటి వేసుకుంటూ, వాగు వైపు వెళ్ళాయి. కార్డులో వాటి ఫోటో ఒక్కటీ లేదు. ప్రాణం ఉసూరుమంది. ఇంటికి తెచ్చాక అవే సెల్స్ టార్చిలైట్‌లో వేస్తే వెలిగాయి!

ఒకసారి వాడి పారేసే లిథియం సెల్స్ కొనాలా, రీచార్జబుల్‌వి కొనాలా? నాకు రెండోదే నచ్చుతోంది. చెట్టూ పుట్టా మీద ప్రేమతోనే కదా కెమెరా పెట్టేది, దాని పేరుతో ఇంత చెత్త పోగెయ్యడం మనసొప్పడం లేదు.

పాదముద్ర (థండర్ బే, కెనడా)
లిథియమే అండి. మీ సెల్స్ అయిపోలేదు, బిగుసుకుపోయాయి. ఆల్కలైన్ సెల్ లోపల ఉండేది నీళ్ళతో చేసిన ద్రావణం. చలి పెరిగేకొద్దీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అడిగినంత కరెంటు ఇవ్వలేదు. కెమెరా పగలు అంతగా అడగదు, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ వెలిగినప్పుడే ఒక్కసారిగా లాగుతుంది. డిసెంబర్‌లో మీ ఊళ్ళో పగలు ఎనిమిదిన్నర గంటలే. మిగతాదంతా ఫ్లాష్ పనే.

లిథియం ఏఏ సెల్‌లో నీళ్ళుండవు. మైనస్ 40 దాకా పనిచేస్తుందని కంపెనీలే డబ్బా మీద రాస్తాయి. ఒక్క జాగ్రత్త: వోల్టేజ్ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. మీటర్ ఫుల్ చూపిస్తోందని నమ్మకండి, ఎప్పుడు వేశారో తేదీ రాసుకోండి.

తీగలపెట్టె (మిన్నియాపోలిస్)
నేను ఒప్పుకోను. ఇంటి వెనక పెరట్లో నాలుగు చలికాలాలుగా రీచార్జబుల్ నికెల్ సెల్స్‌తోనే నడుపుతున్నాను. కుందేళ్ళు, నక్కలు, గుడ్లగూబ అన్నీ పడ్డాయి. చలికి ఇవి ఆల్కలైన్ కంటే చాలా మేలు. చాలామంది ఓడిపోయేది వోల్టేజ్ దగ్గర. ఒక్కో సెల్ 1.2 వోల్టులే. ఎనిమిదీ వరసగా కలిపిన కెమెరాకు 12 బదులు 9.6 అందుతుంది, అది బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. మెనూలో బ్యాటరీ రకం మార్చుకునే వీలున్న కెమెరా కొనండి. వందలసార్లు చార్జ్ చేసుకునే సెల్‌ను వదిలి, ప్రతి చలికాలం ఎనిమిదేసి పారేయమని చెప్పడం నాకు తప్పనిపిస్తుంది.

పాదముద్ర
మీ పెరటికి మీ మాట అక్షరాలా నిజం, రోజూ వెళ్ళి మార్చుకోవచ్చు. కానీ ఎనెలూప్ లాంటి మంచి బ్రాండ్ రీచార్జబుల్ సెల్స్‌కు కూడా మైనస్ 20 దాకే హామీ. డులూత్‌కు ఉత్తరాన ఉన్న టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న దాదాపు మైనస్ 51 నమోదైంది. అది రికార్డే అనుకోండి, మైనస్ 30 మాత్రం అక్కడ మామూలే.

ఇంకో మాట. మనం డాలర్లు లెక్కపెడుతున్నాం, సెల్స్ లెక్కపెడుతున్నాం. అడవిలోకి ఎన్నిసార్లు అడుగుపెడుతున్నామో ఎవరూ లెక్కపెట్టడం లేదు. మంచు బాగా పడ్డాక తెల్లతోక జింకలు దేవదారు గుబుర్ల కిందికి చేరతాయి. తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, ఆకురాలు కాలంలో పెంచుకున్న కొవ్వును కరిగించుకుంటూ వసంతం దాకా నెట్టుకొస్తాయి. మనల్ని చూసి పొట్టలోతు మంచులో వంద గజాలు పరిగెత్తితే ఆ ఖర్చు ఎక్కడినుంచి తెస్తాయి? పైగా మనం స్నోషూలతో (మంచులో దిగబడకుండా కాళ్ళకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) తొక్కిన గట్టి బాట తోడేళ్ళకు హాయిగా నడిచే రోడ్డు. బ్యాటరీ కోసం మూడు వారాలకోసారి వెళ్ళడం కంటే, ఒకసారి లిథియం వేసి మార్చి దాకా అటు వెళ్ళకపోవడం నయం. వాడేసిన సెల్స్ రీసైక్లింగ్‌కు ఇవ్వండి.

నల్లమల గాలి (అచ్చంపేట)
ఇక్కడ మాకు కష్టమంతా మే నెలలో. కెమెరా సెన్సార్ జంతువు ఒంటి వేడికీ, వెనక ఉన్న నేల, బండల వేడికీ తేడా చూసి క్లిక్‌మంటుంది. ఎండకు బండలే కాలిపోతుంటే ఆ తేడా దానికి తెలియదు, ముందునుంచి వెళ్ళినవి కూడా తప్పిపోతాయి. మీకు చలిలో ఆ బాధ తక్కువేనా అండి?

పాదముద్ర
తేడా బాగా తెలుస్తుంది. కాకపోతే దట్టమైన బొచ్చు వేడిని లోపలే దాచేస్తుంది, వీపు మీద పడిన మంచు కరగకుండా అలాగే ఉంటుంది. అలాంటి జింక ముఖం, కాళ్ళే సెన్సార్‌కు ఆధారం.

తీగలపెట్టె
జింకల మాట నేను ఆలోచించలేదు. దూరపు అడవికి లిథియం, సరే. పెరటికి మాత్రం నా మాట మార్చుకోను. మరి సోలార్ ప్యానెల్?

పాదముద్ర
ప్యానెల్‌తో వచ్చే ప్యాక్ ఎక్కువగా లిథియం అయాన్, అంటే ఫోన్లలో ఉండే రీచార్జబుల్ రకం, మనం చెప్పుకున్న వాడి పారేసే లిథియం కాదు. దాన్ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్ పాడవుతుంది. మంచి ప్యాక్ అయితే తనంతట తనే చార్జింగ్ ఆపేస్తుంది, అంటే జనవరిలో ప్యానెల్ ఉన్నా లేనట్టే.

మంచుబాట
శనివారం వెళ్తున్నాను, లిథియం వేసి వస్తాను. కెమెరా నవంబర్‌లో మోకాలెత్తున కట్టాను, ఇప్పుడు మంచు దాని అడుగు దాకా వచ్చింది. ఎంత ఎత్తున కట్టమంటారు?

పాదముద్ర
మంచు మీద నిలబడితే మీ ఛాతీ ఎత్తున కట్టి, కాస్త కిందికి వంచండి, ఇంకా పడేది ఉంది కదా. ఫ్లాష్ తగ్గించండి, లేకపోతే తెల్లటి మంచు మీద వెలుగు కొట్టి ఫోటో పాలిపోతుంది. లెన్స్ మీది మంచును నోటితో ఊదకండి, ఆవిరి అక్కడే గడ్డకడుతుంది. మెత్తటి కుంచెతో దులపండి. కెమెరా ఇంటికి తేవాల్సి వస్తే బయటే జిప్ కవర్‌లో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక పూర్తిగా వెచ్చబడేదాకా తెరవకండి.