వ్యాకోచమా, వ్యాకోశమా?

అక్షరభిక్షువు: ఊబకాయంలో రక్తనాళాలు సరిగా ఎందుకు విచ్చుకోవో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘రక్తనాళ వ్యాకోచం’ అని రాయగానే చిన్నప్పుడు వల్లెవేసిన అమరం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు) పాదం అడ్డుపడింది. ‘ప్రఫుల్లోత్ఫుల్లసంఫుల్ల’ తర్వాత వ్యాకోచ అనా, వ్యాకోశ అనా? నోరు చ అంటోంది, చెవి శ అంటోంది. రెండ్రోజులుగా ఇదే గొడవ.

పాతపలక: శ. ‘వ్యాకోశవికచస్ఫుటాః’, వనౌషధివర్గం. కోశం విడిన పువ్వు. పక్కనున్న వికచలోని చ వెనక్కి జారి మీ నాలుకకు తగిలింది, అంతే.

నల్లబల్ల: అంతే అని తేల్చేయకండి. కుచ్ ధాతువుకి సమ్ చేరితే సంకోచం, వి, ఆ చేరితే వ్యాకోచం. బడిలో అందరం చదివిందే.

స్టెతస్కోపు: బడిలో చదివింది ఇనుప కడ్డీ గురించి. నాళం వేడికి సాగే లోహం కాదు. రక్తం జోరుగా లోపలి పొరను ఒరుసుకుంటూ పోతే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, దాంతో గోడలోని కండరం పట్టు వదులుతుంది. కాబట్టి ‘సడలింపు’.

నల్లబల్ల: సడలేది కండరం, వెడల్పయ్యేది నాళం. రెంటినీ ఒకే మాటలో కుక్కితే ఎలాగండీ?

పాతపలక: లోపలి పొర అన్నారు చూశారా, అదే కోశం! 1980లో శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కల మీద చూపించిందీ ఇదే. ఆ పొర చెరిగిపోయిన ముక్క ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి సడలలేదు సరికదా, ముడుచుకుంది. కోశం లేనిదే వ్యాకోశం లేదు.

స్టెతస్కోపు: 1998 నోబెల్ ఆయనకూ ఇగ్నారో, మురాద్‌లకూ ఇచ్చారు. ఇప్పుడు అమరసింహుడికి కూడా వాటా అడిగేలా ఉన్నారు.

నల్లబల్ల: పైగా మాస్టారూ, వ్యాకోశం అంటే కోశం విడిపోవడం అని మీరే అన్నారు. ఆ లెక్కన పొర పోతే నాళం విచ్చుకోవాలి. ప్రయోగంలో జరిగింది తలకిందులు.

పాతపలక: విడిపోవడం వేరు, విప్పారడం వేరు. తర్వాత వివరంగా రాస్తాను.

అక్షరభిక్షువు: నా చిక్కు వేరండీ. ఊబకాయంలో పొర చెరిగిపోదు, ఉంటుంది. కానీ పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్‌ని సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం కబళిస్తుంది. విచ్చుకోమని నాళానికి మామూలుగా ఇన్సులిన్ కూడా చెబుతుంది, దాని మాట చెల్లదు. నాళం చుట్టూ ఉండే కొవ్వు కూడా ఆరోగ్యంలో సడలడానికి సాయం చేసేదే, వాపు వచ్చాక ఆ సాయం తగ్గిపోతుంది. దీన్నంతా ‘వ్యాకోచ లోపం’ అంటే ట్యూబులో రబ్బరు పాతబడినట్టు వినిపిస్తోంది.

చదువరి: మధ్యలో వస్తున్నా. నాళం ఎంత విచ్చుకుంటుందో చూసే పరీక్ష నాకు చేశారు. మోచేతి కింద పట్టీ బిగించి ఐదు నిమిషాలు ఉంచారు, వేళ్లు తిమ్మిరెక్కాయి. వదలగానే చెయ్యి వెచ్చబడింది. అల్ట్రాసౌండ్ తెర మీద ధమని గోడల గీతలు రెండూ వెంట్రుకవాసి ఎడంగా జరిగాయి. మెషీన్ దగ్గరున్నావిడ ‘బాగా తెరుచుకుంది’ అంది. ఆ మాట చాలదా?

స్టెతస్కోపు: చాలు! వెంట్రుకవాసే కదా అనుకోకండి. ఒత్తిడి మారకుండా వ్యాసార్ధం 10 శాతం పెరిగితే, గొట్టాల్లో ప్రవాహాన్ని లెక్కగట్టే పాయిజెయ్ సూత్రం ప్రకారం ప్రవాహం సుమారు 46 శాతం పెరుగుతుంది.

తుమ్మెద: పోతన వామనుడు గుర్తొచ్చాడు. ‘ఇంతింతై వటుడింతయై’... వ్యాకోచం లేదు, విస్తరణం లేదు, ఇంత, అంత అంటూనే ఆకాశం దాకా పెంచేశాడు మహానుభావుడు.

పాతపలక: పద్యం చివరిదాకా చదవండి అమ్మా. ‘బ్రహ్మాండాంత సంవర్ధియై’. పెరగడమనే అర్థమున్న సంస్కృత వృధ్ ధాతువు ఉండనే ఉంది.

తుమ్మెద: అది ముగింపుకొచ్చాక. పెరగడమంతా తెలుగులోనే జరిగిందిగా! ‘అల్లంతై’ చూడండి, ఆ ‘అల్ల’ దూరమా, ఎత్తా?

నల్లబల్ల: దూరమే. అల్లదిగో అనమూ?

పాతపలక: ఎత్తు. మేఘమండలం అగ్రాన ఉన్నవాడికి దూరమేమిటండీ?

అక్షరభిక్షువు: అయ్యా, నా శీర్షిక...

నల్లబల్ల: వస్తున్నాం, ఒక్క నిమిషం. మాస్టారూ, ‘అల్లంత దూరాన’ అంటామే, అక్కడ ఎత్తు ఎక్కడుంది?