జీవితాంతం ఉండే జడ్జి పోస్టు వదిలి ఎఫ్‌బీఐకి ఎందుకెళ్లారు? (విలియం వెబ్‌స్టర్ గురించి)

లా_స్టూడెంట్:
అందరికీ నమస్తే. విలియం వెబ్‌స్టర్ గురించి చదువుతున్నా, అదే అమెరికాలో ఎఫ్‌బీఐకీ సీఐఏకీ రెండిటికీ డైరెక్టర్‌గా చేసిన ఏకైక వ్యక్తి, 2025 ఆగస్టులో 101 ఏళ్ల వయసులో పోయారు. నాకు అర్థం కానిది ఏంటంటే 1978 నాటికి ఆయన ఫెడరల్ అప్పీల్స్ కోర్టు జడ్జి, అక్కడ ఆ పోస్టు జీవితాంతం ఉంటుంది, తీసేయాలంటే అభిశంసన చెయ్యాల్సిందే. అలాంటిది వదులుకుని ఎఫ్‌బీఐకి ఎందుకెళ్లినట్టు? ప్రెసిడెంట్ కార్టర్ అయినా ఆ కుర్చీలో పోలీసాయన్ని కాకుండా జడ్జిని ఎందుకు కూర్చోబెట్టారు? ఎక్కడ చూసినా మచ్చలేని మనిషి అని రాసి వదిలేస్తున్నారు, కోర్టులో నేర్చుకున్నది అక్కడ ఎంత పనికొచ్చిందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతపేపర్:
ముందు అప్పటి ఎఫ్‌బీఐ పరిస్థితి చూడాలి తమ్ముడూ. హూవర్ 1924 నుంచి 1972లో చనిపోయేదాకా 48 ఏళ్లు ఆ కుర్చీలోనే ఉన్నాడు, ఆయన హయాంలో పౌరహక్కుల నాయకుల మీద నిఘా, దొంగ ఉత్తరాలు, చివరికి మార్టిన్ లూథర్ కింగ్‌కి చచ్చిపోమన్నట్టు ఆకాశరామన్న ఉత్తరం కూడా పంపారు. తర్వాత తాత్కాలికంగా వచ్చిన ప్యాట్రిక్ గ్రే ప్రెసిడెంట్ నిక్సన్‌ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణానికి సంబంధించిన కాగితాలు తగలబెట్టానని ఒప్పుకుని 1973లో దిగిపోయాడు. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ ఇదంతా బయటికి లాగింది, ఆ మరుసటేడు డైరెక్టర్ పదవికి పదేళ్ల గరిష్ఠ పరిమితి పెడుతూ చట్టం చేశారు. అంటే అప్పుడు కావాల్సింది దొంగల్ని పట్టేవాడు కాదు, ఆ పట్టుకోవడం చట్టంలో ఉందా లేదా అని అడిగేవాడు. అలాంటి మనిషి కోసం వెతుకుతున్న అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) గ్రిఫిన్ బెల్ కూడా మాజీ జడ్జే. పైగా నిక్సన్ 1970లో జిల్లా కోర్టుకీ 1973లో అప్పీల్స్ కోర్టుకీ వేసిన రిపబ్లికన్‌ని డెమోక్రాట్ అయిన కార్టర్ తీసుకోవడం వల్ల ఇది మావాడు మీవాడు గొడవ కాదని జనానికి తెలిసింది. ఇంకోటి, నేర విచారణ వెబ్‌స్టర్‌కి మరీ కొత్తేం కాదు, 1960లో సెయింట్ లూయిస్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా చేశారు.

ఫైల్_చదువరి:
ఆయన బుర్ర ఎలా పనిచేసేదో తెలియాలంటే డెల్టా ఫోర్స్ (అమెరికా సైన్యంలో ప్రత్యేక దళం) సంగతి ఒకటి చాలు. మిలిటరీ వాళ్లు బందీల్ని విడిపించే ప్రదర్శన ఇచ్చారు, అయ్యాక ఆయన వాళ్ల సామాను అంతా పరిశీలనగా చూసి మీ దగ్గర బేడీలు ఏవీ అని అడిగారట. నుదుటి మీద రెండు గుళ్లు పెడతాం, చచ్చినవాడికి బేడీలెందుకు అని జవాబొచ్చింది. అంత సామాను మధ్య బేడీలు లేవని కనిపెట్టడం కోర్టులో కూర్చున్న మనిషికే సాధ్యం అనిపిస్తుంది నాకు, ఎందుకంటే ప్రాణాలతో పట్టుకుంటేనే కదా కేసు, విచారణ, తీర్పు. ఎఫ్‌బీఐకి కూడా అలాంటి దళం కావాలంటే ఆయన వెంటనే ఒప్పుకోలేదు కూడా. చివరికి 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ దగ్గరపడుతుంటే 1983లో ఎఫ్‌బీఐకి సొంత బందీల విమోచన దళం తయారైంది, దాని నినాదం ప్రాణాలు కాపాడటం అని పెట్టుకున్నారు.

ఆయన హయాంలోనే జరిగిన ఆబ్‌స్కామ్ అనే లంచాల కేసు కూడా చదువు. ఎఫ్‌బీఐ వాళ్లు అరబ్ షేక్ మనుషులమని చెప్పి లంచాలు ఇస్తూ వీడియో తీశారు, ఒక సెనేటర్‌కీ ఆరుగురు ప్రతినిధుల సభ సభ్యులకీ శిక్షలు పడ్డాయి. ఇది వల పన్ని ఇరికించడమే అని అప్పుడు పెద్ద రచ్చ, కానీ కేసులు అప్పీళ్లలో నిలబడ్డాయి.

నిజం_కావాలి:
పొగడ్తలు సరే, రెండో వైపు కూడా చెప్పాలి కదా. రాబర్ట్ హాన్సెన్ 1979లో సోవియట్‌కి రహస్యాలు అమ్మడం మొదలెట్టాడు, అంటే వెబ్‌స్టర్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడే, ఆయన కింద పనిచేసే ఏజెంటే! 2001 ఫిబ్రవరిలో గానీ దొరకలేదు. ఎలా తప్పించుకున్నాడో తేల్చే కమిషన్‌కి అధ్యక్షుడిగా మళ్లీ వెబ్‌స్టర్‌నే పెట్టారు. హాన్సెన్‌కి అన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా లై డిటెక్టర్ పరీక్ష జరగలేదు, సొంత మనుషుల్ని నమ్మడమే భద్రత అనుకుని బతికింది ఆ సంస్థ. జడ్జి సాక్ష్యం తన ముందుకొచ్చాకే చూస్తాడు, గూఢచారి వేటలో సాక్ష్యం దానంతటది నడిచి రాదు. ఈ తేడా ఆయన రికార్డులో బాగా కనిపిస్తుంది.

పాతపేపర్:
అది ఒప్పుకుంటా. సీఐఏలోనూ అదే ఫిర్యాదు, విదేశీ వ్యవహారాలు తెలియవని పాతకాపులు సణిగేవాళ్లు. కానీ 1987లో రీగన్ ఆయన్ని అక్కడికి పంపింది ఇరాన్-కాంట్రా గొడవ (ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలమ్మి ఆ డబ్బు నికరాగువా తిరుగుబాటుదారులకి మళ్లించడం) వల్ల, చట్టసభకి అబద్ధాలు చెప్పారన్న మచ్చ పోగొట్టడానికి. బయటి లాయర్‌తో విచారణ చేయించి కొందరిని ఉద్యోగంలోంచి తీసేశారు, ఆ పని అయితే చేశారు. 1991లో దిగిపోయారు.

లా_స్టూడెంట్:
థాంక్యూ అన్నా, ఇప్పుడు కొంచెం అర్థమైంది. మరి ఆయన తర్వాత కూడా జడ్జిలనే పెట్టారా?

ఫైల్_చదువరి:
అవును, వరసగా ఇద్దరు. విలియం సెషన్స్ టెక్సాస్ ఫెడరల్ జడ్జి, ఆఫీసు విమానాన్ని సొంత ప్రయాణాలకి వాడారనీ ఇంకా కొన్ని ఆరోపణల మీద నివేదిక వచ్చాక 1993లో క్లింటన్ తీసేశారు. కాబట్టి జడ్జి అయినంత మాత్రాన సరిపోదు. తర్వాత వచ్చిన లూయిస్ ఫ్రీ ఇంకో రకం, ముందు ఎఫ్‌బీఐ ఏజెంట్‌, తర్వాత ప్రాసిక్యూటర్, తర్వాత న్యూయార్క్‌లో జడ్జి, అక్కడి నుంచి డైరెక్టర్‌. నీ ప్రశ్నకి పోల్చి చూడటానికి ఈ ముగ్గురూ బాగా పనికొస్తారు. హాన్సెన్ మీద వెబ్‌స్టర్ కమిషన్ ఇచ్చిన 2002 రిపోర్ట్ నెట్‌లో ఫ్రీగానే ఉంది, ముందు అది చదివి తర్వాత మిగతావి చూడు.