అప్‌డేట్: రేస్‌ట్రాక్ ప్లాయా చూసొచ్చాం

అమెరికాలో కాలిఫోర్నియా ఎడారి డెత్ వ్యాలీలో, రాళ్లు వాటంతటవే జరిగినట్టు వెనక గీతలు కనిపించే ఎండిన సరస్సు నేల రేస్‌ట్రాక్ ప్లాయా దాకా మా సొంత ఎస్‌యూవీలో వెళ్లొచ్చా లేక అక్కడే జీప్ అద్దెకి తీసుకోవాలా అని ఇంతకుముందు అడిగాను కదా, ఎక్కువమంది జీపే అన్నారు, అదే తీసుకున్నాం, అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

యుబెహీబీ క్రేటర్ దగ్గర తారు రోడ్డు అయిపోతుంది, అక్కణ్ణుంచి దాదాపు 27 మైళ్లు కంకర రోడ్డే, అడ్డంగా గాడులు గాడులుగా ఉండి ఒళ్లు హూనమైపోతుంది, టైర్లలో గాలి కొంచెం తగ్గించమన్నాయనకి దండం పెట్టాలి, ఆ తర్వాత కుదుపు బాగా తగ్గింది. దారిలో రాళ్లు మాత్రం కత్తుల్లా ఉన్నాయి, మామూలు కారు టైర్లతో వెళ్లొద్దు. సిగ్నల్ అస్సలుండదు. పెట్రోలు ముందే ఫర్నెస్ క్రీక్‌లోనో స్టవ్‌పైప్ వెల్స్‌లోనో ఫుల్ చేయించుకోండి.

ఇక ఆ రాళ్లు! ఎండి నెర్రెలిచ్చిన నేల మీద రాయి, దాని వెనక పొడుగ్గా గీత, కొన్ని గీతలు మధ్యలో వంపు కూడా తిరిగాయి. చలికాలం రాత్రి పల్చటి నీళ్లు గడ్డకట్టి, ఎండెక్కాక ఆ మంచు పలకలు విరిగి, గాలికి కదులుతూ రాళ్లని మెల్లగా నెడతాయట, ఇది 2014లో తేల్చారు. నేల తడిగా ఉంటే మాత్రం దయచేసి అడుగు పెట్టకండి, అడుగుల జాడలు ఏళ్ల తరబడి పోవు, ఎవరో బండి తోలిన టైర్ల గుర్తులు చూసి కడుపు మండిపోయింది.

లిప్పిన్‌కాట్ దారి (రేస్‌ట్రాక్ నుంచి సెలైన్ వ్యాలీలోకి నిటారుగా దిగే మట్టి దారి) గురించి అడిగినవాళ్లకి: మేం అటు దిగలేదు, వచ్చిన దారినే తిరిగొచ్చాం.